ఇంట్లోనే ఇటాలియన్ ఆనిస్ కుకీలు: గింజ దంచడం దగ్గర్నుంచి పంచదార పూత దాకా

భోజనం అయ్యాక అరచేతిలో వేసుకుని నమిలే సోంపు వాసన మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఆ వాసనే ఒక మెత్తటి కుకీలోంచి, వెన్నతో పంచదారతో కలిసి వస్తే ఎలా ఉంటుందో నాకు న్యూజెర్సీ వచ్చాకే తెలిసింది. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. ఆవిడ అమ్మమ్మ, తాతయ్య దక్షిణ ఇటలీ నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. మేము మా ఇంట్లో దిగిన మొదటి డిసెంబర్‌లో ఆవిడ ఒక రేకు డబ్బా తెచ్చిచ్చారు. మూత తీస్తే నున్నగా తెల్లటి పూత వేసిన గుండ్రటి కుకీలు, వాటి మీద ఆవగింజంత రంగు పంచదార పూసలు. ఒకటి కొరికాక మా ఆయన అన్న మొదటి మాట, "ఇందులో సోంపు వేశారే!" అని.

వీటిని ఆంజినెట్టి అంటారు. అమెరికాలో ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు, పెన్సిల్వేనియా వైపు జెనెట్టి అనే పేరు కూడా వినిపిస్తుంది. 1880 నుంచి 1924 వరకు 40 లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా చేరారు. ఎక్కువమంది దక్షిణాది పల్లెల వాళ్ళే. వాళ్ళతో పాటే ఈ కుకీలూ వచ్చి క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి, పెళ్ళిళ్ళకి స్థిరపడ్డాయి. పిట్స్‌బర్గ్, యంగ్స్‌టౌన్ ఊళ్ళలో పెళ్ళంటే కేకుతో పాటు ఒక పెద్ద బల్ల నిండా చుట్టాలు ఇళ్ళలో చేసి తెచ్చిన కుకీలు పేర్చాల్సిందే. మన పెళ్ళిళ్ళకి ఇంటిల్లిపాదీ కూర్చుని అరిసెలు, లడ్డూలు చేసినట్టే అనుకోండి. ఆ బల్ల మీద ఇవి లేకపోతే ఇటాలియన్ ఇళ్ళవాళ్ళకి వెలితిగా ఉంటుంది.

ఆనిస్ అంటే సోంపు లాంటి వాసనే ఉండే ఒక చిన్న గింజ. ఇటలీలో దాని వాడకం ఈనాటిది కాదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో కేటో అనే రోమన్ రాసిన వ్యవసాయ గ్రంథంలో ఒక రొట్టె వంటకం ఉంది. గోధుమ పిండిని తాజా ద్రాక్షరసంతో తడిపి, అందులో ఆనిస్, జీలకర్ర, కొవ్వు, జున్ను (చీజ్) కలిపి, అడుగున బే ఆకులు పరిచి కాల్చమంటాడు. ఆనిస్‌కి చుట్టమైన సోంపు, జీలకర్ర రెండూ అరుగుదలకి మనం నమ్ముకునేవే. వేల మైళ్ళ దూరంలో ఉన్న రెండు వంటిళ్ళు దినుసుల విషయంలో ఒకే దారి పట్టడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

నాలుగేళ్ళుగా ఏటా చేస్తున్నాను. న్యూజెర్సీ ఓవెన్‌లో చేశాను, తెనాలిలో అమ్మ వాళ్ళింట్లో చిన్న ఓటీజీలోనూ చేశాను. చేస్తున్నకొద్దీ నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ఈ కుకీ మంచీ చెడూ గింజ దగ్గరే తేలిపోతుంది. పిండి కాస్త అటూ ఇటూ అయినా తినగలం, గింజ వాసన కోల్పోతే మాత్రం మిగిలేది మామూలు తీపి బిస్కెట్టే. అందుకే గింజ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ఏ గింజ కొనాలి

ఇక్కడే చాలామంది తికమక పడతారు. మూడు వేర్వేరు దినుసులు దాదాపు ఒకే వాసనతో ఉంటాయి. ఒకటి అసలు ఆనిస్, ఇటాలియన్లు ఆనిచె అంటారు. రెండోది మన సోంపు, అంటే పెద్ద జీలకర్ర. మూడోది బిర్యానీలో వేసే అనాస పువ్వు. మూడింట్లోనూ ఆ తియ్యటి ఘాటు ఇచ్చేది ఆనెథోల్ అనే నూనె పదార్థమే. ఆనిస్, సోంపు రెండూ జీలకర్ర, ధనియాలు, వాము ఉన్న కుటుంబంలోవే. అనాస పువ్వుకి వాటితో చుట్టరికం లేదు, అది చెట్టుకు కాసే కాయ.

అసలు ఆనిస్ గింజ సోంపు కంటే బాగా చిన్నది. పచ్చదనం తక్కువ, బూడిద రంగు కలిసిన గోధుమ రంగులో, కాస్త బొద్దుగా, వాము గింజ కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. చాలా గింజలకి సన్నటి తొడిమ ముక్క అంటుకునే ఉంటుంది. దుకాణంలో పేరు చూసి మోసపోకండి. మన దగ్గర సోంపు ప్యాకెట్ మీద కూడా ఇంగ్లీషులో యానిసీడ్ అని వేసేస్తారు. ప్యాకెట్ తిప్పి గింజ చూడండి. పొడుగ్గా, పచ్చగా, గీతలు స్పష్టంగా ఉంటే అది సోంపే.

ఆనిస్ దొరకకపోతే సోంపుతో నిశ్చింతగా చేసుకోండి. ఇది నేను సర్దుకుపోయి చెబుతున్న మాట కాదు. ఇటలీలోనే పూలియా ప్రాంతంలో తరాల్లి అనే కరకరలాడే చుట్టల్లో సోంపు గింజలే వేస్తారు. సోంపులో కాస్త కర్పూరం లాంటి చల్లదనం, వెనకాల చిన్న చేదు ఉంటాయి, ఆనిస్ అంత తియ్యగా ఉండదు. అందుకని సోంపు వాడితే ఒక నిమ్మకాయ పైతొక్క తురిమి కలపండి, సరిపోతుంది. సన్న సోంపు అని అమ్మేది దొరికితే అది ఇంకా మంచిది. అనాస పువ్వు మాత్రం వద్దు. ఒకసారి పొడి చేసి వేసి చూశాను, కుకీ నోట్లో పెట్టగానే బిర్యానీ గుర్తొచ్చింది. రంగు వేసిన, పంచదార పూత పట్టించిన సోంపు కూడా ఈ పనికి రాదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఆనిస్ ఎక్స్‌ట్రాక్ట్ చిన్న సీసాల్లో దొరుకుతుంది. అది ఆల్కహాల్‌లో తీసిన సారం. పిండిలో 2 టీస్పూన్లు, పూతలో అర టీస్పూను చాలు. ఆనిస్ నూనె అని ఇంకోటి ఉంటుంది, దాని ఘాటు చాలా ఎక్కువ. తినడానికి పనికొచ్చేదని సీసా మీద ఉంటేనే తీసుకోండి, అదీ నాలుగైదు చుక్కలు మించకుండా. ఇటలీ ఇళ్ళలో అనిజెట్టా, సాంబూకా లాంటి ఆనిస్ మద్యాన్ని ఒక చెంచా పిండిలో పోయడం మామూలే. ఆస్కొలి పిచేనో అనే ఊళ్ళో మెలెట్టి వాళ్ళు 1870 నుంచి అనిజెట్టా చేస్తున్నారు. ఆ చుట్టుపక్కల కస్తిన్యానో పొలాల్లో పండే పచ్చ ఆనిస్‌కి మంచి పేరు. మద్యం మన ఇళ్ళలో చాలామందికి కుదరదు, అది లేకపోయినా ఏ లోటూ రాదు. ఎందుకంటే ఆనెథోల్ నీళ్ళలో దాదాపు కరగదు, కొవ్వులో మాత్రం బాగా దిగుతుంది. కాబట్టి మనం వెన్నలోకే దించేద్దాం.

కావలసినవి

ఈ కొలతలకి దాదాపు 38 నుంచి 40 కుకీలు వస్తాయి. దయచేసి తూకం వాడండి. మన కప్పు, అమెరికా కప్పు ఒకటి కాదు, కొలత తేడా వస్తే కుకీ మెత్తదనం పోతుంది.

పిండికి:
మైదా 375 గ్రాములు
బేకింగ్ పౌడర్ 3 టీస్పూన్లు, తలకొట్టి
ఉప్పు చిటికెడు (ఉప్పు వెన్న వాడితే అక్కర్లేదు)
వెన్న 125 గ్రాములు
పంచదార 150 గ్రాములు
గుడ్లు 3
పాలు 60 మిల్లీలీటర్లు
ఆనిస్ లేదా సోంపు ఒక టేబుల్ స్పూను నిండుగా
వెనీలా ఎసెన్స్ ఒక టీస్పూను

పూతకి:
పంచదార పొడి 200 గ్రాములు
పాలు 4 టేబుల్ స్పూన్లు (అన్నీ పట్టకపోవచ్చు)
ఆనిస్ అర టీస్పూను
రంగు పంచదార పూసలు మూడు నాలుగు చెంచాలు

బేకింగ్ పౌడర్, వంట సోడా ఒకటి కాదు. సోడా వేస్తే కుకీ పైకి గోధుమ రంగు తేలి, నోట్లో సబ్బు రుచి తగులుతుంది. బేకింగ్ పౌడర్ డబ్బా తెరిచి ఆరు నెలలు దాటితే ఒక చెంచా వేడినీళ్ళలో వేసి చూడండి. బుసబుసా పొంగితేనే వాడండి.

మన దగ్గర గుడ్లు కాస్త చిన్నవిగా వస్తాయి. పగలగొట్టాక మూడూ కలిపి 150 గ్రాములు తూగాలి. తగ్గితే ఆ తేడా పాలతో భర్తీ చేయండి. గుడ్లు, పాలు ఫ్రిజ్‌లోంచి ఒక గంట ముందే తీసి బయట పెట్టండి.

గింజని వెన్నలోకి దించడం

ఆనిస్‌ని ఒక పళ్ళెంలో పోసి పుల్లలు, రాళ్ళు ఏరండి. పొడి మూకుడు సన్నటి సెగ మీద పెట్టి, గింజలు వేసి 30, 40 సెకన్లు కదుపుతూ ఉండండి. రంగు మారకూడదు, వేడెక్కితే చాలు. పోపుకి వేయించినట్టు చిటపటలాడించారంటే తియ్యదనం పోయి చేదు మిగులుతుంది. వాసన ముక్కుకి అందగానే మూకుట్లోంచి పళ్ళెంలోకి వంపేయండి, మూకుట్లోనే వదిలితే ఆ వేడికే మాడతాయి.

ఇప్పుడు చిన్న రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. ఒక్కో గింజ రెండు మూడు ముక్కలైతే సరి. మెత్తటి పొడి వద్దు, మిక్సీ అసలే వద్దు. మిక్సీ వేడికి వాసనంతా గిన్నె మూతకి పడుతుంది. పక్కింటి ఆవిడ రోలు కూడా వాడరు. గింజలు బల్ల మీద పోసి, చపాతీ కర్రతో రెండుసార్లు నొక్కి దొర్లించి, ఒక చిటికెడు అరచేతిలోకి తీసుకుని రెండు చేతుల మధ్య నలుపుతారు. ఆ చేతుల్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుని వాసన చూస్తారు. మొదటిసారి నేను తీసుకెళ్ళిన గింజల్ని అలాగే నలిపి చూసి, "ఇవి పాతవమ్మా, పక్కన పెట్టు" అన్నారు. ఎక్కడా పురుగు లేదు, రంగు మారలేదు. ఆవిడ డబ్బాలోవి చేతిలో పోశాక గానీ తేడా నాకు తెలియలేదు. అప్పట్నుంచీ నేనూ ముందు నలిపి చూస్తాను. నలిపిన చేతులు కడుక్కున్నాక కూడా వాసన వస్తుంటే గింజ తాజాది.

వెన్నని మందపాటి గిన్నెలో వేసి సన్నటి సెగ మీద కరిగించండి. చివరి చిన్న ముక్క కరుగుతుండగానే పొయ్యి ఆపేసి, దంచిన ఆనిస్ వేసి, మూత పెట్టి 20 నిమిషాలు వదిలేయండి. నెయ్యి కాచినట్టు మరగనివ్వకండి, వెన్నలో ఉన్న నీరు ఇగిరిపోతే కుకీ పొడిబారుతుంది. 20 నిమిషాల తర్వాత సన్నటి జల్లెడలో వడకట్టి, అడుగున మిగిలిన గింజల్ని చెంచా వెనకతో గట్టిగా నొక్కండి. ఆఖరున దిగే ఆ నాలుగు చుక్కల్లోనే ఘాటంతా ఉంటుంది. కొందరు గింజలు పిండిలోనే ఉంచేస్తారు. నాకు ఈ మెత్తటి కుకీలో పంటికింద పలుకు తగలడం నచ్చదు, అందుకే వడకడతాను.

ఎక్స్‌ట్రాక్ట్ వాడేవాళ్ళు వెన్నని 115 గ్రాములే తీసుకుని ఊరికే కరిగించుకుంటే చాలు.

వెన్న ఊరుతుండగానే పూతకి కావలసిన పాలూ సిద్ధం చేసుకోవచ్చు. 4 చెంచాల పాలు వేడి చేసి, దంచిన అర టీస్పూను ఆనిస్ అందులో వేసి మూత పెట్టి పక్కన ఉంచండి.

పిండి కలపడం

పంచదారని మిక్సీలో పొడి చేయండి. మన పంచదార పలుకు పెద్దది, అలాగే వేస్తే గుడ్డులో పూర్తిగా కరగదు. పెద్ద గిన్నెలో గుడ్లు, పంచదార పొడి వేసి విస్కర్‌తో రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. రంగు తేలికపడి, పైన సన్నటి నురుగు కట్టాలి. బీటర్ అవసరం లేదు.

వెన్న గిన్నె అడుగున వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటేనే గుడ్లలో పోయాలి. వేడిగా పోస్తే గుడ్డు ఉడికి ముక్కలు కడుతుంది, దాన్ని బాగుచేసే దారి లేదు. సన్నటి ధారగా పోస్తూ కలపండి. తర్వాత పాలు, వెనీలా, సోంపు వాడుతుంటే నిమ్మ తొక్క తురుము.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి జల్లించండి. మూడు విడతలుగా వేస్తూ చెక్క గరిటెతో కలపండి. పొడి పిండి కనిపించకుండా పోగానే ఆపేయండి. చపాతీ పిండిలా పిసికితే మైదా సాగుడు గుణం పట్టుకుని కుకీ రబ్బరులా వస్తుంది. ఈ ముద్ద చపాతీ పిండి కంటే బాగా మెత్తగా, గారెల పిండి కంటే కాస్త గట్టిగా, వేలికి అంటుకుంటూ ఉంటుంది. అంటుకుంటోందని మైదా ఇంకా ఇంకా వేసేయకండి, ఇది అలాగే ఉండాలి. గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో 30 నుంచి 45 నిమిషాలు ఉంచండి. మే నెలలో మన ఊళ్ళలో అయితే పూర్తిగా గంట. అంతకు మించి ఉంచకండి, బేకింగ్ పౌడర్ బలం తగ్గుతుంది.

ఆకారం, కాల్చడం

ఓవెన్‌ని 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఫ్యాన్ తిరిగే మోడ్ అయితే 160 చాలు. ఓటీజీలో పైనా కిందా రెండు రాడ్లూ ఆన్ చేసి, ట్రే మధ్య అరలో పెట్టండి. ట్రేలో బటర్ పేపర్ పరవండి.

చేతులకి రెండు చుక్కల నూనె రాసుకుని, ఉసిరికాయంత ముద్ద తీసుకుని, లడ్డూ చుట్టినట్టు తేలిగ్గా గుండ్రంగా చేయండి. తూకం వేస్తే 22 గ్రాములు రావాలి. మొదటి రెండు మూడు తూచుకుంటే మిగతావి చేతికే తెలిసిపోతాయి. అన్నీ ఒకే సైజులో ఉండటం ముఖ్యం, లేకపోతే చిన్నవి మాడతాయి, పెద్దవి లోపల పచ్చిగా ఉంటాయి. ఒక్కోదానికీ మధ్య మూడు వేళ్ళ ఎడం ఇవ్వండి. పైనుంచి నొక్కకండి, వాటంతటవే అడుగు చదునై, పైన బుర్రలా పొంగుతాయి.

ముడి ఆకారం కావాలంటే ముద్దలో మరో 30 గ్రాముల మైదా కలిపి, చిటికెన వేలంత లావు, జానెడు పొడవు తాడులా చేసి ఒక వదులు ముడి వేయండి. పెళ్ళిళ్ళకి ఈ ముడులు చేసేవాళ్ళు ఉన్నారు. చూడ్డానికి బాగుంటాయి, పని మాత్రం రెట్టింపు.

10 నుంచి 12 నిమిషాలు కాల్చాలి. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోండి. ఈ కుకీ పైభాగం రంగు మారదు. తెల్లగా, కొంచెం మీగడ రంగులో ఉండగానే లోపల అయిపోతుంది. పైన ఎర్రబడేదాకా ఆగితే గట్టి రస్కు వస్తుంది. పదో నిమిషంలో ట్రే కాస్త బయటికి లాగి, ఒక కుకీని చెంచాతో పైకెత్తి అడుగు చూడండి. అడుగున అంచు చుట్టూ లేత గోధుమ రంగు గీత కట్టి, మధ్యలో పాలిపోయి ఉంటే ఇంకో నిమిషం. అడుగంతా లేత బిస్కెట్ రంగుకి వచ్చిందా, వెంటనే తీసేయండి. పైన వేలితో మెల్లగా నొక్కితే స్పాంజిలా వెనక్కి లేవాలి. పైన సన్నటి పగుళ్ళు వచ్చినా ఏం పర్వాలేదు, పూతలో కలిసిపోతాయి.

ఒక ట్రే కాలుతున్నప్పుడు మిగిలిన ముద్దని ఫ్రిజ్‌లోనే ఉంచండి. తెనాలిలో ఓటీజీలో ఒకసారికి 12 మాత్రమే పట్టాయి. రెండో ట్రేకి వచ్చేసరికి బయట ఉంచిన పిండి జారిపోయి కుకీలన్నీ అప్పచ్చుల్లా పరుచుకున్నాయి. మూడో ట్రేకి పిండిని మళ్ళీ పావుగంట చల్లబెడితే మళ్ళీ గుండ్రంగా వచ్చాయి.

ఓవెన్ లేనివాళ్ళు మందపాటి అల్యూమినియం కుక్కర్‌లో గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, 10 నిమిషాలు వేడి చేశాక పళ్ళెంలో ఆరు కుకీల చొప్పున పెట్టొచ్చు. సన్నటి సెగ మీద 15 నిమిషాల పైన పడుతుంది. అడుగు మీద కన్ను ఉంచాలి.

పూత

కుకీలు తీగ జాలీ మీద పూర్తిగా చల్లారాలి. వేడి మీద ముంచితే పూత నీళ్ళై కారిపోతుంది. గోరువెచ్చగా ఉండగా ముంచితే గాజు పొరలా పల్చగా వస్తుంది. కొందరికి అదే ఇష్టం. నాకైతే తెల్లగా, పంటికి ముందు చిట్లి తర్వాత కరిగే మందపాటి పూత కావాలి, అందుకే పూర్తిగా చల్లారేదాకా ఆగుతాను.

ఇంట్లో మిక్సీ పట్టిన పంచదార పొడి అయితే ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి రెండుసార్లు జల్లించండి. కొనే ఐసింగ్ షుగర్‌లో అది సాధారణంగా ముందే ఉంటుంది. ఆనిస్ పాలు వడకట్టి, ముందు 2 చెంచాలు పొడిలో పోసి కలపండి. గట్టిగా ఉంటుంది, భయపడకండి. మిగతా పాలు అర చెంచా చొప్పున మాత్రమే. పంచదార పొడిలో ఒక్క చెంచా ఎక్కువైతే చాలు, ఒక్కసారిగా నీళ్ళైపోతుంది. చెంచా పైకెత్తితే పూత రిబ్బనులా జారి, గిన్నెలో పడ్డ గీత అయిదారు సెకన్లు కనిపించి మాయమవ్వాలి. దోసెల పిండి కంటే ఇంకాస్త చిక్కగా అన్నమాట.

కుకీని అడుగు పట్టుకుని తలకిందులుగా పూతలో ముంచి, పైకెత్తి, ఒకసారి మణికట్టు తిప్పి విదిలించి, జాలీ మీద పెట్టండి. నాలుగైదు ముంచగానే ఆగి, రంగు పూసలు చల్లండి. అన్నీ ముంచాక చల్లుదాం అనుకుంటే మొదటివాటి మీద పొర కట్టేసి పూసలు జారి కింద పడతాయి. ఇంట్లో పిల్లలుంటే ఒకరు ముంచడం, ఒకరు చల్లడం పెట్టుకోండి, పని చకచకా సాగుతుంది. ఈ పూసల్ని నేపుల్స్ వాళ్ళు దియవులిల్లి అంటారు, బుల్లి దయ్యాలు అని అర్థం. ఒకప్పుడు ఇటలీలో ధనియాలకి పంచదార పట్టించి పండగల్లో విసురుకునేవాళ్ళు. ఇప్పుడు కాగితం ముక్కలు చల్లుతున్నా వాటిని ధనియాల పేరుతోనే కొరియాందొలి అని పిలుస్తారు. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగు సోంపు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

పూత ఆరడానికి మామూలు రోజుల్లో రెండు గంటలు, వానాకాలంలో నాలుగైదు గంటలు పడుతుంది. పైన వేలితో తాకితే అంటకూడదు. తొందరపడి డబ్బాలో పెడితే పూసల రంగు కరిగి తెల్లటి పూత మీద ఎర్రటి, నీలం మరకలు పడతాయి. ఫ్యాన్ కింద పెట్టొచ్చు, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటికి తీయగానే చెమట పడుతుంది.

గుడ్డు తిననివాళ్ళకి

ఇదే వంటకంలో గుడ్డు తీసేసి పెరుగు పోస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు, ఈ కుకీ మెత్తదనం గుడ్డు మీదే నిలబడింది. అంతకంటే ఇటాలియన్లే గుడ్డూ వెన్నా లేకుండా చేసుకునేవి ఉన్నాయి, అవి చేయండి. రోమ్ చుట్టుపక్కల లాజియో ప్రాంతంలో చాంబెల్లీనె అల్ వీనో అని చిన్న చుట్టలు చేస్తారు. మైదా, పంచదార, నూనె, వైన్, ఆనిస్ గింజలు, అంతే. వైన్, నూనె ఒకే కొలత, పిండి మాత్రం ఎంత పడితే అంత. వాళ్ళ వంటల పుస్తకాల్లో దీన్ని "క్వాంతో బాస్తా" అంటారు, చాలినంత అని. మన అమ్మలు "పిండి పట్టినంత" అంటారే, అచ్చం అదే.

150 గ్రాముల పంచదార, 125 మిల్లీలీటర్ల నూనె, 125 మిల్లీలీటర్ల తెల్ల వైన్, ఒక టేబుల్ స్పూను ఆనిస్ (దంచకుండా), అర టీస్పూను బేకింగ్ పౌడర్, దాదాపు 450 నుంచి 500 గ్రాముల మైదా. వైన్ వద్దనుకుంటే తెల్ల ద్రాక్షరసం తీసుకుని, పంచదార 100 గ్రాములకి తగ్గించి, ఒక చెంచా నిమ్మరసం పిండండి. అసలు రుచి కాకపోయినా చాలా దగ్గరగా వస్తుంది. చిటికెన వేలంత లావు తాళ్ళు చేసి, అంచులు కలిపి కడియంలా చుట్టి, ఒకవైపు పంచదారలో అద్ది, 180 డిగ్రీల్లో 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. ఇవి కరకరలాడాలి కాబట్టి ఈసారి రంగు రానివ్వొచ్చు.

రెండుసార్లు కాల్చేవి

బిస్కోట్టి అనే మాటకి అర్థమే రెండుసార్లు కాల్చినది అని. మన రస్కుకి చుట్టమే. టీలో ముంచుకోవడం ఇష్టమైన ఇళ్ళకి నేను ఇవే చేసి పంపుతాను. 260 గ్రాముల మైదా, 150 గ్రాముల పంచదార, 60 గ్రాముల మెత్తటి వెన్న, 2 గుడ్లు, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, ఒక టేబుల్ స్పూను ఆనిస్, ఇష్టమైతే గుప్పెడు బాదం. ఇక్కడ గింజలు వడకట్టే పని లేదు, తేలిగ్గా నలిపి అలాగే వేయండి, పంటికింద పడితేనే బాగుంటుంది. ముద్దని రెండు పొడవాటి దిండుల్లా చేసి 180 డిగ్రీల్లో 25 నిమిషాలు కాల్చండి. పావుగంట చల్లారనిచ్చి, రంపపు పళ్ళ కత్తితో ఏటవాలుగా వేలెడు మందం ముక్కలు కోయండి. ముక్కల్ని పక్కకి పడుకోబెట్టి 150 డిగ్రీల్లో ఒక్కోవైపు 8 నుంచి 10 నిమిషాలు. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది, పూర్తిగా చల్లారాక కోస్తే విరుగుతుంది, ఆ పావుగంట లెక్క తప్పకండి. ఇవి గాలి చొరబడని డబ్బాలో మూడు వారాలు ఉంటాయి.

దాచుకోవడం

పూత వేసిన మెత్తటి కుకీలు నాలుగైదు రోజులే బాగుంటాయి. రేకు డబ్బాలో వరుసకీ వరుసకీ మధ్య బటర్ పేపర్ వేసి పేర్చండి. ఒకదాని మీద ఒకటి నేరుగా పెడితే పూత ఊడుతుంది. వేరే బిస్కెట్లు, చాక్లెట్లు ఇదే డబ్బాలో కలపకండి, తెల్లారేసరికి అన్నిటికీ ఆనిస్ వాసన పట్టేస్తుంది. పండక్కి ముందే చేసి ఉంచుకోవాలంటే పూత వేయకుండా జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో రెండు నెలలు దాచొచ్చు. తినే రోజు పొద్దున తీసి, కవర్ తెరవకుండానే గది వేడికి రానిచ్చి, అప్పుడు పూత వేసుకోండి.

చేసిన రోజు సాయంత్రం రుచి చూస్తే ముందు వెన్న, పంచదార తెలుస్తాయి. ఒక రాత్రి మూత పెట్టి ఉంచితే ఆనిస్ కుకీ అంతా పాకి నిదానంగా నిలదొక్కుకుంటుంది. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ఒకరోజు ముందే చేయండి. పక్కింటి ఆవిడ ఆ రోజు తెచ్చిచ్చిన డబ్బా కూడా ముందు రోజు కాల్చిందేనట, నేనే వంటకం అడిగినప్పుడు చెప్పారు.